నలభై ఒకటో మొద్దు

గార్డమ్మతో ఆమె వదిన మాట్లాడి పందొమ్మిది రోజులైంది. ఆ వదిన పందొమ్మిది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్న సందర్భం ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్న లేస్తే పక్కింటి రేడియో మీద, మధ్యాహ్నమైతే నల్లా నీళ్ల మీద, సాయంత్రానికి మొగుడి మతిమరుపు మీద ఆమెకి చెప్పాల్సింది ఉండనే ఉంటుంది. అలాంటి మనిషి ఆడపడుచు గుమ్మంలోకి రాగానే చూపు తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోతోంది. తిట్టినా బాగుండును. తిట్లయితే గార్డమ్మకి అలవాటే. ఈ మౌనమే ఆమె ప్రాణం తోడేస్తోంది.

గార్డమ్మకి అసలు పేరొకటి ఉంది గానీ, ఆఫీసు కాగితాలు తప్ప దాన్ని వాడేవాళ్లు లేరు. ఊరికి ఆనుకుని ఉన్న కొండ అడవికి ఆమె పద్దెనిమిదేళ్లుగా గార్డు. ఆ కొండకే నిప్పంటుకుంది. మూడు రోజులు కాలి, పడమటి వీధిలోకి దిగి, వీధి చివర ఉన్న ఆమె అన్నయ్య వడ్రంగి షెడ్డును బూడిద చేసింది. మనుషులెవరూ పోలేదు, అదొక్కటే నయం. అన్నయ్య మాత్రం పనిముట్లు తెచ్చుకుంటానని పొగలోకి దూరి, ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. ఇప్పటికీ నాలుగు మాటలాడితే ఐదోది దగ్గే.

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ మంటకి తొమ్మిది రోజుల ముందు అదే కొండ మీద గార్డమ్మ తన చేత్తో నిప్పు పెట్టింది.

అది ఆమె ఉద్యోగంలో భాగం. ఎండలు ముదరకముందే కొండ నడుమ పైనుంచి కిందిదాకా ఒక పట్టీలాగా ఎండుటాకునీ గడ్డినీ వాళ్లే కాల్చేస్తారు. దాన్ని ముందు మంట అంటారు. కాలిన చోటు నల్లపట్టీ. రేపు నిజం మంట వస్తే దానికి అక్కడ తినడానికేమీ ఉండదు, ఆగిపోతుంది. ఇది గార్డమ్మ చిన్నపిల్లలకి చెప్పినట్టు ఊరివాళ్లకి ఏటా చెబుతుంది, ఊరివాళ్లు ఏటా మర్చిపోతారు. బట్టలారేసుకున్న రోజే పొగ పెట్టిందని మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

కాల్చడం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాత నాలుగు రోజులు. నల్లపట్టీలో ఉన్న మొద్దులన్నిటికీ నంబర్లుంటాయి. ఈసారి అరవై మూడు. పైకి ఆరినట్టే కనబడే మొద్దు లోపల రోజుల తరబడి కుంపటిలా రాజుకుంటూ ఉండగలదు. అందుకని ఒక్కొక్క మొద్దు దగ్గరా కూర్చుని, చేతి తొడుగు తీసేసి, చేతి వెనకవైపు తొర్రలో పెట్టి చూడాలి. అరచేయి కాయలు కాసి మొద్దుబారి ఉంటుంది కనుక దాన్ని నమ్మరు. మొదటి మనిషి చెయ్యి పెట్టి చూసి, “ఆరింది!” అని కేకేసి, సున్నంతో తన గుర్తు వేస్తారు. రెండో మనిషి వచ్చి మళ్లీ చెయ్యి పెట్టి, మళ్లీ “ఆరింది!” అని, పక్కన తన గుర్తు వేస్తారు. గార్డమ్మది అడ్డగీత మీద నిలువుగీత. రెండో గుర్తు సున్నా. అది ట్యాంకరు బాబాయిది.

ట్యాంకరు బాబాయి నీళ్ల బండి నడుపుతాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. పద్దెనిమిదేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట తేడా రాలేదు. కొంప ముంచింది సరిగ్గా అదే.

నలభై ఒకటో మొద్దు దారి మలుపులో ఉంది. నడుమెత్తు మొద్దు, నడిమధ్యన పెద్ద తొర్ర. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి బాగా వీస్తోంది. గార్డమ్మ ఆ మొద్దు పక్కన కూర్చుని బూటు విప్పి ముల్లు తీసుకుంటోంది. పైపు చుట్టుకుంటూ వచ్చిన బాబాయి ఆమె అక్కణ్నుంచి లేవడం చూశాడు. చెయ్యి పెట్టి చూసి లేచిందనుకున్నాడు. కేక వినబడలేదు, గాలి ఎత్తుకుపోయి ఉంటుందనుకున్నాడు. ఆమె చూశాక మళ్లీ నేను చూసేదేముందిలే అని సున్నా చుట్టేసి ముందుకి సాగాడు. గార్డమ్మ నాలుగడుగుల అవతల బండ మీద కూర్చుని బూటు తొడుక్కుని తిరిగి చూస్తే మొద్దు మీద సున్నా ఉంది. బాబాయి సున్నా పెట్టాడంటే ఇక తిరుగులేదు. ఆమె పక్కన తన గీతలు గీసేసింది. అలా రెండు గుర్తులూ పడ్డాయి, రెండు చేతుల్లో ఒక్కటీ పడలేదు.

ఈ సంగతి ఎనిమిదో రోజు సాయంత్రం డిపోలో టీ తాగుతుండగా బయటపడింది.

“ఆ నలభై ఒకటో దాన్లో అంత లోతుకి చెయ్యెలా పెట్టావమ్మా? పురుగూ పుట్రా ఉంటాయి, కాస్త చూసుకోవాలి కదా,” అన్నాడు బాబాయి.

“నేనెక్కడ పెట్టాను? నువ్వే కదా చూసింది?”

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు. పొద్దున్నే వెళ్లి చూసొద్దాం అనుకున్నారు. పొద్దున్న బండి తీసేసరికి కొండ మీద పొగ లేచింది.

ఆ తర్వాత ఎవరినీ పైకి వెళ్లనివ్వలేదు. కొండ చుట్టూ పసుపుపచ్చ టేపు కట్టారు. నిప్పు పెట్టిన జట్టు కాబట్టి గార్డమ్మనీ బాబాయినీ విచారణ అయ్యేదాకా ఆఫీసులో కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్లు కొండలెక్కిన మనిషి కుర్చీలో కూర్చుని పాత ఫైళ్లకి దారాలు కట్టింది. కంటి మీద కునుకు లేదు. అన్నయ్య దగ్గినప్పుడల్లా ఆమెకి ఆ తొర్రే కనబడేది. అందులో తను చూడని నిప్పుకణిక ఒకటి ఎర్రగా కూర్చుని ఉండేది. వదినకి ఇవేవీ తెలియవు. తెలియకుండానే ఇంత మౌనంగా ఉంటే, తెలిస్తే ఏమవుతుంది?

బహిరంగ విచారణ స్కూలు హాల్లో పెట్టారు. పై నుంచి ఒక విచారణాధికారి వచ్చాడు. పొట్టి మనిషి, మెడలో కళ్లజోడు తాడు, జేబులో కొలతల టేపు. రెండు వారాలుగా ఒక్కడే కొండ మీద ఆ టేపు పట్టుకుని తిరిగాడు కాబట్టి ఊరంతా అతణ్ని టేపాయన అంటోంది. ఏం కనిపెట్టారండీ అని ఎంతమంది అడిగినా, “ముందు మీరు చెప్పండి, తర్వాత నేను చెబుతాను. నేను ముందు చెబితే అందరూ దానికి తగ్గట్టు చూశామంటారు,” అనేవాడు. ఊరికి ఇది బొత్తిగా నచ్చలేదు. జవాబు తెలిసి కూడా బిగదీసుక్కూర్చున్న మనిషిని ఎవరు మాత్రం ఇష్టపడతారు!

హాలు బయట వరండాలో రేంజరు గార్డమ్మని పక్కకి పిలిచాడు. ఆమె పై అధికారి. చెడ్డవాడేం కాదు, మంటప్పుడు మూడు రోజులు నిద్ర లేకుండా పైపు పట్టినవాడే. కాకపోతే ఇబ్బంది ఎటు నుంచి వస్తుందో ముందే వాసన పట్టి, అటువైపు చూడకుండా ఉండే నేర్పు ఉంది.

“చూడమ్మా, రిజిస్టరు శుభ్రంగా ఉంది. అరవై మూడు మొద్దులకీ రెండేసి గుర్తులు. అడిగినదానికి చెప్పి కూర్చో. అడగనిదాని జోలికి వెళ్లకు.”

“సార్, ఒక విషయం...”

“నాకిప్పుడు ఏ విషయమూ చెప్పకు,” అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ట్యాంకరు బాబాయి గోడ పక్కన నిలబడి టోపీ నలుపుతున్నాడు. “నువ్వెలా అంటే అలాగేనమ్మా. చెబుదామంటే చెబుదాం, వద్దంటే వద్దు.” ఎనిమిది నెలలు మిగిలిన మనిషి అంత మాట అన్నాడు. గార్డమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

లోపల చర్చ అప్పటికే పాకాన పడింది. మైకు పాడైంది, ఎడమవైపు ఒంచి పట్టుకుంటే తప్ప పలకదు. వచ్చినవాళ్లందరూ దాన్ని ఒంచుతూ తామూ ఒంగిపోయి మాట్లాడుతుంటే, కోపంగా చెప్పే మాటలు కూడా బతిమాలుతున్నట్టు వినిపిస్తున్నాయి.

లాడ్జీ యజమాని అడవిలో ఎవరూ అగ్గిపుల్ల కూడా గీయకూడదన్నాడు. నర్సరీ నడిపే ఆవిడ లేచి, గీయకపోతే ఆకు మోకాలెత్తు పేరుకుంటుంది, ఇంకా ఎక్కువ కాల్చి ఉంటే పడమటి వీధికి ఈ గతి పట్టేది కాదంది. రిటైరైన సైన్సు మాస్టారు మైకు అందుకున్నారు. ఊళ్లో ఆయన్ని చెట్ల మాస్టారంటారు, రోడ్డుకి ఇరుపక్కలా చెట్లు పెట్టించింది ఆయనే. “ప్రకృతిని దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. మనం చెయ్యి పెట్టిన చోటల్లా చెడింది,” అన్నారు. చప్పట్లు పడ్డాయి. కౌన్సిల్ తరఫున వచ్చినాయన తప్పు అటవీశాఖదన్నాడు. రేంజరు, మనుషులు చాలరని మూడుసార్లు రాశామన్నాడు. కరెంటాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు తనని ఎవరూ ఏమీ అడగనందుకు హాయిగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు వదిన లేచింది. ఆమెకి మైకు అక్కర్లేదు.

“నాకు సైన్సు తెలీదు. ఒక్కటే అడుగుతాను. నిప్పు పెట్టేది వాళ్లే, ఆరిందని చూసేది వాళ్లే, ఆరిందని సంతకం పెట్టేదీ వాళ్లే. మధ్యలో ఇంకో మనిషి లేడు. మరి ఆరకపోతే మాకెవరు చెబుతారు?”

హాలు గోలగోలగా మారింది. వదిన మాట్లాడుతున్నంతసేపూ ఆడపడుచు వైపు చూడలేదు. అన్నయ్య ఆమె పక్కన కూర్చుని నేల చూస్తూ దగ్గాడు. ఆ ప్రశ్న న్యాయమైందని గార్డమ్మకి తెలుసు. ఆ హాల్లో అందరికంటే బాగా తెలుసు.

టేపాయన గార్డమ్మని పిలిచాడు. ఎప్పుడు కాల్చారు, గాలి ఎటు, ఎంతమంది, నీళ్లెన్ని అని అడిగాడు. ఆమె చెప్పింది. మొద్దులన్నీ చూశారా అని అడగలేదు. రిజిస్టరు తిప్పి చూసి, “సరేనండీ, కూర్చోండి,” అన్నాడు.

కూర్చుంటే అయిపోయేది. రేంజరు తల ఊపాడు కూడా. గార్డమ్మ మోకాళ్లు వంగాయి, మళ్లీ నిటారుగా అయ్యాయి. మైకు ఒంచి పట్టుకుంది.

“అరవై మూడూ చూశామని రాసుంది. చూసింది అరవై రెండేనండీ. నలభై ఒకటో మొద్దులో నేను చెయ్యి పెట్టలేదు. పెట్టకుండానే గుర్తు వేశాను.”

కుర్చీలు కదిలాయి. “అదిగో! విన్నారా!” అని ఎవరో అరిచారు. లాడ్జీ యజమాని నిలబడిపోయాడు. రేంజరు అరచేత్తో మొహం కప్పుకున్నాడు. వెనక వరసలోంచి ట్యాంకరు బాబాయి టోపీ పట్టుకుని లేచాడు. “మొదటి గుర్తు నాదేనండీ. ఆవిడ చూసిందనుకుని నేను వేశాను. నేను చూశాననుకుని ఆవిడ వేసింది. ముందు నన్ను రాసుకోండి, తర్వాత ఆవిణ్ని.”

గార్డమ్మ వదిన వైపు చూసింది. వదిన రెండు చేతులతో ముందున్న కుర్చీ వీపు పట్టుకుని ఉంది. అయినా నోరు మెదపలేదు.

టేపాయన మాత్రం అరవలేదు, ఆశ్చర్యపోలేదు. కళ్లజోడు పెట్టుకుని సంచీలోంచి ఫొటోల కట్ట తీసి, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోయాడు. ఒక చోట ఆగి చాలాసేపు చూశాడు.

“దారి మలుపులో, నడుమెత్తుది, తొర్ర ఉన్నది. అదేనా?”

“అదేనండీ.”

“అందరూ బూట్లు వేసుకోండి,” అన్నాడాయన. “మధ్యాహ్నం ఎలాగూ పైకి తీసుకెళ్దామనుకున్నాను. ఇప్పుడే వెళ్దాం.”

ఊరు ఊరంతా కొండెక్కింది. పసుపుపచ్చ టేపు ఎత్తి పట్టుకుంటే ఒక్కొక్కరే దాని కింద నుంచి ఒంగి వచ్చారు. కాలిన వాసన ఇంకా పోలేదు. అడుగేస్తే బూడిద చీలమండల దాకా లేస్తోంది. గార్డమ్మ అందరికంటే వెనక నడిచింది. ఆ దారి ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు, ఆ రోజు మాత్రం రెండుసార్లు కాలు తడబడింది. అన్నయ్య ఆయాసంతో ఆగినప్పుడు ఆమె కూడా దూరంగా ఆగింది. దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

టేపాయన మధ్యదారిలో ఒక బండ దగ్గర ఆగాడు. “ఈ రాయి చూడండి. పడమటివైపు నల్లగా మసిబారింది. తూర్పువైపు ఎలా ఉంది?”

“మామూలుగానే ఉంది,” అంది నర్సరీ ఆవిడ.

“మంట ఎటు నుంచి వస్తే రాయికి అటు మసి పడుతుంది. ఇలాంటి రాళ్లు నూట డెబ్భై చూశాను. ఒక్కటి కూడా తూర్పువైపు మసిబారింది లేదు. నల్లపట్టీ ఉంది తూర్పున. మంట అక్కడ పుట్టి పడమటికి దిగలేదు. పడమట పుట్టి, ఇటు పట్టీ దాకా వచ్చి, తినడానికేమీ లేక ఇక్కడ చచ్చిపోయింది. ఈ పట్టీ లేకపోతే తూర్పు వీధి, ఆస్పత్రి, మనం ఇందాక కూర్చున్న స్కూలు, ఏవీ మిగిలేవి కాదు.”

గార్డమ్మకి ఆ మాటలు చెవిలో పడ్డాయి గానీ లోపలికి దిగలేదు. రాళ్ల సంగతి రాళ్లది. తన మొద్దు సంగతేమిటి?

మలుపు తిరిగారు. నలభై ఒకటో మొద్దు ఎప్పటిలాగే నిలబడి ఉంది. దాని ఒంటి మీద సున్నా, పక్కన అడ్డగీత మీద నిలువుగీత, మొన్న గీసినంత తెల్లగా ఉన్నాయి.

టేపాయన ఒంగి సున్నాన్ని గోటితో గీరాడు. “మొద్దు కాలి ఉంటే ఈ సున్నం పెచ్చులూడి పోయేది.” తర్వాత తొర్రలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు పొడి తీశాడు. చెక్కపొడి, గోధుమరంగులో ఉంది. అందులో తెల్లగా చెదలు కదులుతున్నాయి. “లోపల ఒక్క కణిక తొమ్మిది రోజులు కూర్చుని ఉంటే అన్నిటికంటే ముందు పోయేది ఈ పొడే. మీరు పెట్టిన ముందు మంట దీని లోపలికి అసలు రానేలేదు.”

గార్డమ్మ అక్కడే కూలబడింది. బూడిదలో, యూనిఫాంతో, ఊరందరి ముందూ. గుండెల మీద పందొమ్మిది రోజులుగా ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఊపిరి ఎంత పీల్చుకున్నా ఇంకా కావాలనిపించింది. బాబాయి కళ్లు తుడుచుకుంటూ, పొగ ఎక్కువగా ఉందన్నాడు. పొగ పోయి రెండు వారాలైంది.

“ఒక్కమాటమ్మా,” అన్నాడు టేపాయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని. “చూడకుండా గుర్తు వేయడం తప్పే. అది రాస్తాను. మంట దీన్నుంచి రాలేదని కూడా రాస్తాను. కానీ నాకిది అరవై మూడింట్లో ఒక మొద్దు. మూడో రోజే ఫొటో తీశాను, దాని మీద రెండు గుర్తులున్నాయి, పక్కన పెట్టేశాను. మీరు చెప్పకపోతే నా రిపోర్టులో దీని మాటే ఉండేది కాదు.”

ఉండకపోతే ఏమయ్యేదో గార్డమ్మకి వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం ఉండేది, పేరు ఉండేది, బతికినన్నాళ్లూ ఆ తొర్రలో ఎర్రటి కణికా ఉండేది.

“మరి మంట ఎక్కడ పుట్టిందండీ?” అన్నాడు లాడ్జీ యజమాని, కాస్త చిన్నబోయి.

టేపాయన చెయ్యెత్తి కింద పడమటివైపు చూపించాడు. దూరంగా రోడ్డు వంపు కనబడుతోంది. అక్కడ పచ్చపూల చెట్టు ఒకటి ఉండేది. ఊళ్లో సగం మంది దాని కింద నిలబడి ఫొటోలు దిగినవాళ్లే. ఇప్పుడది మాడిన మోడు. “కరెంటు తీగ ఒక కొమ్మని రాసుకుని రాసుకుని గాడి పడింది, నిప్పురవ్వ రాలింది అక్కణ్నుంచే. ఆ కొమ్మ దొరికింది, భద్రంగా ఉంది. కొమ్మ కొట్టాలని అటవీశాఖ రెండేళ్ల కింద రాసిన కాగితం కూడా దొరికింది.”

“మరెందుకు కొట్టలేదు?” అని ఎవరో గట్టిగా అడిగారు. ఇంజనీరుకి ఇప్పుడు చూడటానికి కిటికీ లేదు. పాపం, కొండంతా ఉంది గానీ ఎటు చూసినా జనమే.

“అభ్యంతరాలొచ్చాయండీ,” అన్నాడతను గొంతు సవరించుకుని. “ఊరివాళ్లే సంతకాలు పెట్టి ఇచ్చారు, చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దని. కౌన్సిల్ ఆపమంది. మేమూ... అంటే, మళ్లీ అడగలేదు.”

చెట్ల మాస్టారు పక్కనున్న రాయి మీద నెమ్మదిగా కూర్చున్నారు. చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దన్న ఆ కాగితం రాసింది ఆయనే. కాసేపటికి తలెత్తి, “తీగ సంగతి నాకు తట్టలేదు,” అన్నారు. అంత పెద్దమనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగా అంతవరకూ ఎవరూ వినలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. సంతకాలు పెట్టినవాళ్లే సగం మంది అక్కడున్నారు మరి.

“మూడో సంతకం నాది,” అంది ఒక గొంతు.

వదినది. జనం పక్కకి జరిగారు. ఆమె బూడిదలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి మొద్దు దగ్గర నిలబడింది. “పువ్వులు బాగుంటాయని పెట్టాను. కొమ్మ పోతే ఆ రోడ్డున షెడ్డుకి నడిచొచ్చేవాళ్లకి దారిలో నీడ ఉండదని పెట్టాను. చదవను కూడా చదవలేదు. పక్కావిడ పెట్టింది కదా అని పెట్టాను.”

టేపాయన అది కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత కౌన్సిల్ ఆయనా, ఇంజనీరూ, రేంజరూ అక్కడికక్కడే ఆ కొమ్మ కొట్టాలన్న కాగితం ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుందో వాదించుకోవడం మొదలుపెట్టారు. జనం వాళ్ల చుట్టూ చేరారు. ఆ వాదన ఆ రోజు తెగలేదు, ఆ నెలలోనూ తెగలేదు. దాని గోల దానిదే.

మొద్దు దగ్గర నలుగురు మిగిలారు. వదిన ఆడపడుచు పక్కనే బూడిదలో కూర్చుంది. ఉన్నవాటిలో మంచి చీర అది.

“వదినా,” అంది గార్డమ్మ.

“ఏంటే వదినా? పందొమ్మిది రోజులుగా మొహం అంత చేసుకుని తిరుగుతున్నావు. నాకు కళ్లు లేవా? నీ లోపల ఏదో ఉందని మొదటి రోజే తెలిసింది నాకు. నీతో మాట్లాడితే అడక్కుండా ఉండలేను. అడిగితే నువ్వు అబద్ధం చెప్పవు. అవునంటావేమోనని భయమేసింది. అవునంటే ఆయన దగ్గినప్పుడల్లా నీ మొహం గుర్తుకొస్తుంది కదా! అందుకే నోరు కుట్టేసుకున్నాను. ఎంత కష్టమైందో తెలుసా నాకు?”

“దానికి కష్టమైంది గానీ, ఇంట్లో నాకు ప్రశాంతంగానే ఉంది,” అన్నాడు అన్నయ్య, అని దగ్గాడు.

వదిన అతని వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి పాత పదును వచ్చేసింది. గార్డమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో తేలలేదు. వదిన తన కొంగుతో ఆమె మొహం తుడిచింది. మసి ఇంకాస్త అంటుకుంది.

“సరే, లే. ఇంకా పని మిగిలే ఉంది కదా నీకు.”

“ఏం పని?”

“చెయ్యి పెట్టలేదన్నావుగా ఇందాక, ఊరందరి ముందూ. ఆ టేపాయన పెడితే సరిపోతుందా? నీ గుర్తు ఉంది దాని మీద.”

గార్డమ్మ లేచి మొద్దు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చేతి తొడుగులు లేవు, ఆఫీసు డ్యూటీలో వాటితో పనేముంది. చేతిని తిరగేసి, వెనకవైపు తొర్రలోకి పోనిచ్చింది. మోచేయి దాకా పోనిచ్చింది. లోపల చెక్కపొడి మెత్తగా ఉంది, కాస్త తేమగా కూడా ఉంది. చెదపురుగులు వేళ్ల మీదకి పాకాయి. ఆమె తొందరపడలేదు. రూలు ప్రకారం ఎంతసేపు ఉంచాలో అంతసేపూ ఉంచింది, ఇంకాస్త ఉంచింది.

“ఆరింది,” అంది.

ట్యాంకరు బాబాయి చొక్కా చేయి మడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఈసారి ఆమె మాట విని ఊరుకోలేదు. ఒంగి, తన చెయ్యి తను పెట్టి, చూసి, అప్పుడు కొండంతా వినబడేలా కేకేశాడు.

“ఆరింది!”

“ఇలా జరుగు బాబాయ్,” అంది వదిన. గాజులు మోచేతి పైకి తోసుకుని ఆమె కూడా చెయ్యి పెట్టింది. “మధ్యలో ఇంకో మనిషి లేడన్నాను కదా. ఇంకో మనిషిని నేనే.” కాసేపు కళ్లు మూసుకుని, నిజంగానే చూసింది. తర్వాత చెయ్యి తీసి దులుపుకుంది.

“ఆరిందిలేవే,” అంది. “పద ఇంటికి. పందొమ్మిది రోజుల మాటలున్నాయి నీకు చెప్పాల్సినవి.”